మెట్ల మలుపులో చాచిన చెయ్యి

ఆ ఇంటి మెట్ల మలుపు దగ్గర చీకటి పడ్డాక ఎవరూ ఆగేవాళ్ళు కాదు.

వీధి చివరి ఇల్లు అది. ఖాళీ అయి ఏడాది కావస్తోంది. పైకి వెళ్ళే మెట్లు సగంలో ఒకసారి తిరుగుతాయి. ఆ తిరిగే చోట, గోడకి గుడ్డ మీద రంగులతో వేసిన నిలువెత్తు బొమ్మ ఒకటి. తలుపు దగ్గర నిలబడి చెయ్యి ముందుకు చాచిన ఆడమనిషి. రాత్రిపూట అక్కడినుంచి గుసగుసలు వినిపిస్తాయని వీధంతా చెప్పుకునేది. మగగొంతు... కాసేపు మాట్లాడుతుంది, ఆగుతుంది, ఎవరో బదులిస్తే విన్నట్టు ఊఁ కొడుతుంది. ఆ బదులిచ్చే గొంతు మాత్రం ఎవరికీ వినపడలేదు.

తాళం బాగుచేయడానికి వెళ్ళిన మనిషి పనిముట్లు అక్కడే వదిలేసి వచ్చాడు. కాపలాకి పెట్టినవాడు రెండో రోజే జ్వరమన్నాడు. జ్వరం వచ్చిందో, తెప్పించుకున్నాడో చెప్పలేం గానీ, మళ్ళీ అటు మొహం చూపించలేదు.

అలాంటి చోటికి మా మేనమామ ఒంటరిగా వెళ్ళాడు. ఆయన చెప్పిందే చెబుతున్నాను, నా సొంత కవిత్వం ఏమీ కలపడం లేదు.

మామయ్య పని పాత బొమ్మలకి వెల కట్టడం. వేలం వేసేవాళ్ళు ఆయన మాట విన్నాకే సుత్తి ఎత్తుతారు. చిరుగు, చెమ్మ, పగులు — ఏ దెబ్బ ఎలా తగిలిందో చూడగానే చెప్పేస్తాడు. "ముందునుంచి నొక్కితే గుడ్డ లోపలికి దిగుతుంది, వెనకనుంచి నొక్కితే బయటికి ఉబ్బుతుంది. ఇంతేరా నా విద్యంతా" అని నవ్వేవాడు.

నవ్వేవాడు అంటున్నానంటే, అది అత్తయ్య ఉన్నప్పటి మాట.

అత్తయ్య పోయినప్పుడు ఆయన ఏడవలేదు. వచ్చినవాళ్ళకి కుర్చీలు వేశాడు, మంచినీళ్ళిచ్చాడు. వారం తిరక్కుండా ఆవిడ కుట్టుమిషను ముందు నిలబడి, "బెల్టు మార్పిస్తే ఇంకాస్త పలుకుతుంది" అన్నాడు. ఆయన కూతురు, మా వదిన, ఆ మాట విని గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. ఆయనకి అది కూడా తగల్లేదు.

"మొద్దుబారిపోయాన్రా" అన్నాడు నాతో ఒకసారి. "పన్ను పీకేముందు సూది పొడిస్తే బుగ్గ ఎలా ఉంటుందో, లోపలంతా అలా ఉంది."

ఆ ఇల్లు ఒక మందుల షాపాయనది. అక్కగారి తర్వాత ఆయన చేతికొచ్చింది. పడగొట్టి కొత్తది కట్టుకోవాలని ఆలోచన. ఈలోగా బొమ్మని వేలానికి పంపితే ఎంతొస్తుందో చూడమని మామయ్యని పిలిచాడు.

"పేరున్న చేతి పనేనండీ, వందేళ్ళు దాటింది. దెబ్బతిన్న మాట నిజమే. గుడ్డిలో మెల్ల, ఎంతో కొంత వస్తుంది కదా?"

తాళంచెవి ఇచ్చాడు గానీ తోడు మాత్రం రాలేదు.

పగలే వెళ్ళొచ్చుగా అని నేనూ అడిగాను. పాత బొమ్మని ఊదారంగు దీపం కింద చూడాలట, దానికి చీకటి కావాలట. ఆ వెలుగులో పాత వార్నిష్ పచ్చగా మెరుస్తుంది, తర్వాత ఎవరైనా కెలికిన చోటు నల్లగా బయటపడుతుంది. ఆ మలుపులో కిటికీకి తెర లేదు. అందుకని పొద్దుగూకాక వెళ్ళాడు.

టార్చి ఆర్పి ఊదా దీపం వేశాడు.

బొమ్మంతా పాచి పట్టిన నీళ్ళలా పచ్చగా మెరిసింది. మొహం, జుట్టు, బట్టల మడతలు... అన్నీ నిక్షేపంగా ఉన్నాయి. ఒక్క చోట తప్ప. చాచిన అరచేతిలో మెరుపు లేదు. రంగు అరిగి, గుడ్డ నేత బయటపడి, అక్కడ ఒక నల్లమచ్చ. మచ్చ చుట్టూ వేలిముద్రలు, ఒకదాని మీద ఒకటి. వాటిలో కొన్ని పాతవి కావు.

అప్పుడే కింద పెరటి తలుపు కిర్రుమంది...

మామయ్య దీపం ఆర్పేశాడు. ఎందుకు ఆర్పాడో తనకే తెలీదట. గోడకి ఆనుకుని నిలబడ్డాడు. అడుగులు ఒక్కో మెట్టూ ఎక్కుతున్నాయి. తడుముకోవడం లేదు, తడబడడం లేదు. ఆ చీకటి బాగా అలవాటైన అడుగులు.

"భయపడాల్సిన చోటని తెలుస్తూనే ఉంది. భయమే రాలేదు" అన్నాడు మామయ్య. "ఇది కూడా రావట్లేదే అనుకున్నాను."

అడుగులు ఆయన్ని రాసుకుంటున్నంత దగ్గరగా దాటి, బొమ్మ ముందు ఆగాయి.

"ఇవాళ కాస్త ఆలస్యమైంది..." గుసగుస. తర్వాత నిశ్శబ్దం. "ఊఁ... ఊఁ. తిన్నాన్లే."

మామయ్య దీపం మీట నొక్కాడు.

తల లేదు. చేతులు లేవు. తెల్లగా మండుతున్న చొక్కా ఒకటి గాల్లో నిలబడి ఉంది. అది మెల్లగా ఇటు తిరిగింది. మొహం ఉండాల్సిన చోట పళ్ళు మాత్రం తేలాయి.

"ఎవరూ..." అన్నాయి పళ్ళు.

"వెల కట్టేవాణ్ణి" అన్నాడు మామయ్య.

టార్చి వేస్తే, అరవై దాటిన మనిషి. ఉతికిన తెల్లచొక్కా. ఊదా వెలుగులో తెల్లబట్టా పళ్ళూ మండినట్టు మెరుస్తాయి, ఒంటి రంగు చీకట్లో కలిసిపోతుంది. ఆ సంగతి మామయ్యకి కొత్త కాదు. అయినా ఆ క్షణాన గుర్తు రాలేదు.

ఆయన షాపాయనకి బావగారు, పోయిన అక్కగారి భర్త. కళ్ళజోళ్ళు చేసే మనిషి. ఆవిడ పోయాక ఆరేళ్ళు ఆ ఇంట్లోనే ఉన్నాడు. కిందటేడు బావమరిది ఇల్లు పడగొడతానంటే మారుమాట్లాడకుండా పక్క సందులో ఒక గది తీసుకున్నాడు. పెరటి తాళంచెవి తిరిగివ్వడం మర్చిపోయాడు. మర్చిపోయాడనే అందాం.

ఇద్దరూ మెట్టు మీద కూర్చున్నారు.

"నిద్రపోయే ముందు మా ఆవిడ చెయ్యి పట్టుకోవడం అలవాటండీ" అన్నాడు మెల్లగా. "ఈ బొమ్మలో ఉన్నదెవరో నాకు తెలీదు. చెయ్యి మాత్రం అదే కొలత. ఒకరోజు ఊరికే ఆనించి చూస్తే సరిపోయింది... ఇక అప్పట్నుంచీ రోజూ. దెయ్యమని చెప్పుకుంటున్నారట. అదీ మంచిదే, ఎవరూ రారు కదా అని ఊరుకున్నా."

"రంగు పోయింది" అన్నాడు మామయ్య.

"నేనే పోగొట్టాను." బొమ్మ వైపు చూస్తూ అడిగాడు. "వేలానికి వెళ్ళిపోతుందా?"

మామయ్య ఆ అరచేతి వైపు టార్చి తిప్పాడు. మంచి వెల కడితే బొమ్మ వెళ్ళిపోతుంది. ఆ మనిషికి పట్టుకోవడానికి చెయ్యి ఉండదు.

"జాలేసిందా మామయ్యా?" అని అడిగాను.

"లేదు. జాలిపడాల్సిన మనిషని మాత్రం అర్థమైంది."

మర్నాడు షాపులో, మందుల పెట్టెల మధ్య నిలబడి, అరచెయ్యి అరిగిన బొమ్మకి ఎంతొస్తుందో ఉన్నదున్నట్టు చెప్పాడు. షాపాయన మొహం మాడిపోయింది.

"కొండను తవ్వి ఎలుకను పట్టినట్టుంది. పోనీ, బాగుచేయిస్తే?"

"చేయించొచ్చు. కొత్త చెయ్యి వేస్తారు. ఆ ఖర్చు వచ్చే ధరని మింగేస్తుంది."

అది నిజమో కాదో నేను అడగలేదు. ఇన్నేళ్ళలో ఒక్క ధర కూడా అటూ ఇటూ చేయని మనిషి. అడిగితే నిజం చెప్పేస్తాడని భయం.

ఆ తర్వాత, మెట్ల మలుపులో జరిగింది చెప్పాడు. షాపాయన చెడ్డవాడు కాదు. "ఆ దెయ్యం మా బావా?" అని నోరెళ్ళబెట్టి, చాలాసేపు మందుల చీటీ ఒకటి మడుస్తూ కూర్చున్నాడు. "బొమ్మని ఆయన్నే తీసుకెళ్ళమనండి. అక్క ఉంటే ఈపాటికి నా చెవి మెలేసేది" అన్నాడు.

కథ అక్కడితో అయిపోతే నవ్వుకుని పడుకునేవాళ్ళం.

బొమ్మని గోడనుంచి దించేటప్పుడు మామయ్య పక్కనే ఉన్నాడు. పగటి వెలుగు కిటికీలోంచి ఏటవాలుగా పడుతోంది. ఊదా దీపం వేసిన రాత్రి ఎదురు వెలుగులో తెలియనిది అప్పుడు కనిపించింది.

"అన్నేళ్ళు ఒక మగమనిషి రోజూ చెయ్యి ఆనించాడు" అన్నాడు నాతో, గొంతు తగ్గించి. "గుడ్డ అక్కడ లోపలికి దిగాలి కదా. దిగలేదురా... ఉబ్బింది. ఇటువైపుకి. అరచెయ్యంత మేర."

"వెనక మేకేమైనా..."

"నున్నటి గోడ. దాని మీద ఏళ్ళనాటి దుమ్ము, ఎక్కడా చెదరలేదు. అటునుంచి ఎవరో పట్టుకుంటే తప్ప—"

నేను కుర్చీ ఆయన దగ్గరికి జరుపుకున్నాను.

"ఆయనకి చెప్పావా?"

"ఎందుకు? ఆయనకి తెలుసు."

తర్వాత తన అరచేతిని ఒళ్ళో పెట్టుకుని, దాన్నే చూస్తూ అన్నాడు.

"బొమ్మ దించిన రోజు రాత్రి ఇంటికొచ్చాక, మీ అత్తయ్య పడుకునే వైపు... పరుపు మీద చెయ్యి పెట్టానురా. నొక్కలేదు. ఊరికే ఆనించి ఉంచాను. దీపం పక్కకి పెట్టి, ఎక్కడైనా ఉబ్బిందేమోనని వంగి చూశాను."

"ఏముంది మామయ్యా?"

"చదునుగానే ఉంది."

అత్తయ్య పోయాక ఆయన ఏడవడం నేను చూసింది అప్పుడే.