ముందు పరిగెత్తే నీడ

ఎవరైనా పరిగెడితే పక్కవాళ్లు అంబులెన్సుకు కబురు పెట్టే కాలం అది. విశాఖలో రోడ్లన్నీ జారుబాటలైపోయి రెండు తరాలు దాటింది. గడప దాటి నిలబడితే చాలు, బాటే మనిషిని ఆఫీసుకీ, కూరల కొట్టుకీ మోసుకుపోయేది. కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయన్నారు పెద్దలు. నిలబడి ప్రయాణిస్తే గుండెలు కరుగుతాయని మాత్రం వాళ్లకు తెలియదు పాపం.

మందాకినికి గుండె కండరం పలచబడిందని తేలింది. వాళ్ల నాన్న పోయింది ఆ జబ్బుతోనే.

"యంత్రపు గుండె పెట్టించుకోండి, లేదంటే పరుగు నేర్చుకోండి. వానాకాలం దాటాక మళ్లీ చూస్తాను," అంది డాక్టరు.

తన గుండె తీసేసి ఏదో కంపెనీ గుండె పెట్టుకోవడానికి మందాకినికి మనసొప్పలేదు. అందుకని యాభై దాటిన వయసులో, సముద్రపు గట్టు మీద మిగిలిన పాత మట్టిదారికి వచ్చింది. మొదటి రోజు ఒక దీపస్తంభం నుంచి పక్క స్తంభం దాకా కూడా పరిగెత్తలేకపోయింది. చేతులు ఏం చేయాలో తెలియలేదు. జారుబాట మీద పోతున్న ఒకావిడ కంగారుపడి, "ఎవరైనా తరుముతున్నారా అమ్మా?" అని అరిచింది.

అప్పుడు తమ్ముడు విరించి తాను తయారుచేసిన కళ్లజోడు తెచ్చిచ్చాడు. దానికి 'ముందునీడ' అని పేరు పెట్టాడు. దాని పనితనం తేలికగానే చెప్పొచ్చు. నుదుటికి కట్టుకునే పట్టీ నాడిని, ఊపిరిని, కండరాల సత్తువను కొలుస్తుంది. మెదడు తరంగాలను బట్టి మనసు ఎటు మొగ్గుతోందో కూడా పసిగడుతుంది. వీటన్నిటినీ లెక్కగట్టి, ఆరు నెలల తర్వాత ఆ మనిషి అదే దారిలో ఎలా పరిగెడుతుందో అద్దాల మీద బొమ్మ కట్టి చూపిస్తుంది.

"అరచేతిలో వైకుంఠం చూపిస్తున్నావురా," అంది మందాకిని.

"పెట్టుకుని చూడక్కా."

పెట్టుకుంది. నాలుగడుగుల ముందు తనే పరిగెడుతోంది. అదే నెరిసిన జడ, అవే వంగిన భుజాలు. ఆయాసం మాత్రం లేదు. మందాకినికి కళ్లలో నీళ్లు తిరిగాయి. తను ఏ పనినైనా అంత అందంగా చేయగలనని ఆమె ఎప్పుడూ అనుకోలేదు.

ఆ నీడ వెంటపడే నేర్చుకుంది. మాట్లాడగలిగినంత మెల్లగా పరిగెత్తాలని, రొప్పు వస్తే నడిచి మళ్లీ అందుకోవాలని తెలిసింది. పిక్కలు పట్టేసేవి, వేన్నీళ్ల కాపడం పెట్టుకునేది. దీపస్తంభాలు ఒకటొకటే లొంగాయి. కొన్నాళ్లకు ఒక కొత్త అలవాటులో పడింది. కాస్త పరిగెత్తి, గట్టు మీద చతికిలబడి, నీడ పరిగెడుతుంటే చూసి మురిసిపోయేది. ఎలాగూ అంతదాన్ని అవుతాను కదా అని ధీమా.

ఒక పొద్దున నీడ రాలేదు.

పట్టీ బిగించి చూసింది. దారంతా ఖాళీగా ఉంది. అంటే ఆరు నెలల తర్వాత ఈ దారిలో తను ఉండదన్నమాట. తమ్ముడికి ఫోను చేసింది.

"అద్దం మాసి ఉంటుందిలే అక్కా," అన్నాడు విరించి.

అబద్ధమాడేటప్పుడు తమ్ముడి గొంతు మరీ మామూలుగా ఉంటుందని ఆమెకు చిన్నప్పటి నుంచీ తెలుసు.

ఆ తర్వాత ఆమెకు ముద్ద దిగలేదు. పడుకుంటే తన గుండె చప్పుడే చెవుల్లో మోగేది. పచ్చడి జాడీలు ఎవరికివ్వాలో కూడా ఆలోచించింది. పరిగెడుతున్నప్పుడు మాత్రం ఆ చప్పుడుకు భయమేసేది కాదు. అందుకని పరిగెత్తింది. ప్రాణం మీద తీపి ఎంత చెడ్డదో, చినుకుల్లో కూడా పరిగెత్తింది. ఖాళీ దారినే చూస్తూ ఒకనాడు పాత లైట్‌హౌస్ దాకా ఎక్కడా ఆగకుండా వెళ్లింది.

అక్కడ, నాలుగడుగుల ముందు, నెరిసిన జడ ఊగింది.

ఆమెకు ప్రాణం లేచొచ్చింది. హమ్మయ్య, బతికిపోయాను, రేపటి నుంచి కాస్త నడుం వాల్చొచ్చు అనుకుంది. నీడ పలచబడింది. లేదులే, రేపూ వస్తాను అనుకుంది. నీడ చిక్కబడింది. కావాలని ఒకసారి రాననీ, ఒకసారి వస్తాననీ అనుకుని చూసింది. మళ్లీ అలాగే అయింది.

భయం పోయి ఒళ్లు మండిపోయింది. ఉన్నపళంగా రమ్మని తమ్ముడికి కబురు పెట్టింది. విరించి జారుబాట మీద వచ్చి, గట్టుకున్న నాలుగు మెట్లూ ఎక్కి, రొప్పుతూ కూలబడ్డాడు.

"నీడ మాయమైతే చావని కాదు కదరా?"

విరించి తల దించుకున్నాడు. "దానికి తెలిసింది పరుగొక్కటే అక్కా. నువ్వు మానేసినా, అసలు నువ్వే లేకపోయినా దానికి ఒకటే. రెంటికీ ఖాళీ దారే చూపిస్తుంది. పరీక్షకు పెట్టుకున్నవాళ్లందరికీ ఇలాగే అయింది. నీడను చూసి తామే పరిగెత్తేసినట్టు తృప్తిపడి మానేశారు."

"మరి నాకెందుకు చెప్పలేదు? జాడీలు పంచే దాకా వచ్చానే!"

"చెబితే పరిగెత్తేదానివా? సరేలే, రేపు చూద్దాం అనేదానివి. నాకు భయమేసిందక్కా. నాన్నలాగే నువ్వూ..."

వాడన్నది నిజం కావడమే మందాకినికి ఎక్కువ నొప్పి కలిగించింది. తమ్ముడి వంక చూసింది. మెట్లెక్కి ఇంతసేపయినా వాడి రొప్పు తగ్గలేదు. చెయ్యి ఛాతీ మీదే ఉంది.

పట్టీ విప్పి వాడి నుదుటికి కట్టింది. కళ్లజోడు పెట్టింది. "నీదీ నాన్న గుండేగా."

"నేను చేసినదాన్ని నాకే పెడతావా?" అని నవ్వబోయాడు విరించి. నవ్వు సగంలో ఆగింది. దారి వంక చూశాడు. అద్దాలు తీసి చొక్కా అంచుతో తుడిచి పెట్టుకున్నాడు. మళ్లీ తీసి తుడిచాడు.

"ఏమైందిరా?"

"అద్దం మాసినట్టుంది," అన్నాడు, మరీ మామూలు గొంతుతో.

మందాకిని వాడి మణికట్టు పట్టుకుంది. నాడి గబగబా కొట్టుకుంటోంది.

"పరిగెత్తవనా, ఉండవనా, ఆ సంగతి అది చెప్పదుగా," అంది. "లే."

విరించి చెప్పులు విడిచాడు.