బల్ల మీద లేని సైన్యం

వల్లూరు దగ్గర సోలార్ పార్కులో మా ఆఫీసంటే ఒక ఇనుప కంటైనరు గది. రెండు కంప్యూటర్లు, ఒక ఫ్యాను, ఒక మడత బల్ల. ఏ వరుస ప్యానెళ్లు ఎంత కరెంటు ఇస్తున్నాయో చూడటం నా ఉద్యోగం. తీరిక దొరికితే బోర్డు గేముల మీద వీడియోలు చేసి నా ఛానల్లో పెడతాను. చూసేవాళ్లు తక్కువే, కానీ శ్రద్ధగా చూస్తారు.

అందుకే ఆ శుక్రవారం సాయంత్రం నందీష్ తన ఆట పట్టుకుని వచ్చాడు. నాగలమడికలో మాది ఒకే బడి. బెంగళూరులో ఉద్యోగం మానేసి, రెండేళ్లుగా ఈ యుద్ధం ఆట ఒక్కటే పనిగా పెట్టుకున్నాడు. ఆదివారం పొద్దున క్రౌడ్ ఫండింగ్ మొదలవుతుంది. నచ్చిన జనం ముందుగానే డబ్బు కడితేనే ఆట తయారవుతుంది. లేకపోతే రెండేళ్లూ వృథా. ఆలోపు నేను ఆడి చూపించే వీడియో రావాలి.

"బాగలేకుంటే బాగలేదనే చెప్పల్ల సింధూ" అన్నాడు పెట్టె తెరుస్తూ.

బొమ్మలు ఒక్కొక్కటే చేతిలోకి తీసుకుని చూశాను. చిటికెన వేలంత సైనికులు. కత్తి, డాలు, నడుముకు బిగించిన గుడ్డ మడతలతో సహా ఉన్నాయి. మొహాలు మాత్రం నున్నగా అరిగిపోయినట్టున్నాయి.

"మొహాలు ఎందుకు పెట్టలేదప్పా?"

"వీరగల్లుల నుంచి తీసుకున్నా" అన్నాడు. యుద్ధంలో చచ్చిపోయినవాళ్ల కోసం పాతకాలంలో వాళ్ల బొమ్మలు చెక్కి నిలబెట్టిన రాళ్లవి. "ఈడ ప్యానెళ్లు వేసేటప్పుడు శెనక్కాయ చేన్లలోంచి పెరికి కంచె పక్కన పడేసినారు. ఫోన్లో స్కాన్ చేసి, త్రీడీ ప్రింటు తీసినా. ఆట పటం కూడా ఈ నేలదే. ఇదో, మనం కూర్చున్న చోటే శిబిరం."

బల్లకు పైన కెమెరా బిగించి నా ఫోనుకు కలిపాను. శిబిరానికి గుర్తుగా జెండా ఉన్న చిన్న గుడారం. దాన్ని కాపాడటం నా వంతు. ముట్టడించడం అతని వంతు.

పొద్దు కుంకింది. ఇన్వర్టర్ల మోత ఆగిపోయింది. రోజూ ఆగేదే. ఎండకు కాగిన ప్యానెళ్లు చల్లారుతూ టిక్... టిక్... అంటున్నాయి. అదీ రోజూ వినేదే. కిటికీలోంచి కనుచూపు మేర నల్లటి వరుసలు, వాటి కింద ఇంకా నల్లటి చీకటి.

ఆట బాగుంది. నందీష్ పాచికలు వేస్తుంటే, అంతా సరిగ్గా రికార్డవుతోందా అని ఫోను చూశాను. పటం పడమటి అంచున ముగ్గురు సైనికులు నిలబడి ఉన్నారు.

బల్ల మీద చూశాను. పడమటి అంచు ఖాళీ.

మళ్లీ ఫోను చూశాను. ఇప్పుడు ఏడుగురు.

"నందీష్, పడమట నీ మనుషులు ఎవరన్నా ఉండారా?"

"లేదే. అందరూ ఉత్తరానే కదా ఉండారు."

ఫోను అతని వైపు తిప్పాను. చూశాడు. లేచి కెమెరా అద్దం తుడిచాడు. తెర మీద అతని వేళ్లు పెద్దగా కనిపించి పోయాయి. వేళ్లు తీశాక ఆ సైనికులు ఒక గడి ముందుకు వచ్చి ఉన్నారు.

అప్పుడే వాకీటాకీ గరగరలాడింది. సెక్యూరిటీ జయరామప్ప. ఒకప్పుడు ఈ ప్యానెళ్ల కింద ఆయన చేనే ఉండేది. ఎప్పుడూ అరిచినట్టు మాట్లాడే మనిషి, గుసగుసలాడుతున్నాడు.

"మేడం... ప్యానెళ్ల మధ్యలో మనుషులు ఉండారు. యా ఊరోళ్లని అడిగితే పలకడం లేదు."

"యాడన్నా?"

"పడమటి కంచె కాడ. టార్చి వేసినా... మొహాలు కనపడల్యా మేడం."

గదిలోకి తడిమట్టి వాసన వచ్చింది. వాన పడి రెండు నెలలైంది.

"లోపలికి వచ్చేయన్నా. పరిగెత్తు!"

తలుపు తీసి పట్టుకున్నాను. చీకట్లో బూట్ల చప్పుడు. దాని వెనక ఇంకో చప్పుడు. ప్యానెళ్ల ఇనుప కాళ్లను ఎవరో చేత్తో తట్టుకుంటూ వస్తున్నట్టు... ఒక వరుస... ఇంకో వరుస... ఇంకా దగ్గరగా...

జయరామప్ప రొప్పుతూ లోపల పడ్డాడు. గొళ్లెం పెట్టాను.

ఫోనులో శిబిరం చుట్టూ ఒక్క గడి కూడా ఖాళీ లేదు.

నందీష్ బొమ్మలన్నీ పెట్టెలోకి ఊడ్చేశాడు. బల్ల మీద పటం, నా గుడారం, దాని జెండా మిగిలాయి. తెర మీద మాత్రం సైన్యం కదల్లేదు. గది గోడ మీద ఒక దెబ్బ. తర్వాత నాలుగు వైపులా... మెల్లగా... అరచేతులతో...

"వాళ్లకు ఆట అయిపోలేదు" గొణిగాడు నందీష్. "ఓడిపో సింధూ."

"ఎట్లా?"

"జెండా పడుకోబెట్టి శరణు అను. రూల్సులో అదే రాసినా."

జెండా పడుకోబెట్టాను. శరణు అని నేను అనేలోపే జయరామప్పే చేతులు జోడించి అన్నాడు.

"శరణు సామీ. ఈ నేల మీకే. మేము ఎప్పుడో ఇడిసిపెట్టినాం."

చప్పుడు ఆగింది. తెర మీద పటం ఖాళీ.

లైటు ఆర్పకుండా, బల్లకు ఎదురుగా నేల మీద గోడకు ఆనుకుని తెల్లారేదాకా ముగ్గురం కూర్చున్నాం. పొద్దున నందీష్ ఫోను తీసి క్రౌడ్ ఫండింగ్ రద్దు చేశాడు. ఏడవలేదు. ఆ రాళ్లను మళ్లీ నిలబెడదామంటూ జయరామప్పతో కంచె వైపు వెళ్లాడు. వాళ్లు వెలుతురులో నడుస్తుంటే చూసి ఊపిరి పీల్చుకున్నాను.

ప్యానెళ్లు కడిగే నేత్రావతి వచ్చింది. గది ఊడుస్తానంటే, మడవడానికి ఇద్దరం బల్లను పక్కకు ఒరిగించాం. ఆమె చటుక్కున చేయి వెనక్కి తీసుకుంది.

"ఇదేంది మేడం?"

బల్ల అడుగున, నేను కూర్చుని ఆడిన వైపు, ఎర్రమట్టి అరచేతుల గుర్తులు. కింద కూర్చున్నవాళ్లు పైకి మోపి పట్టుకున్నట్టు, ఆరు జతలు, పక్కపక్కనే.

రాత్రంతా మేము చూస్తూ కూర్చున్నది ఆ బల్ల కిందికే.

వేలితో తాకాను. మట్టి ఇంకా తడిగా ఉంది.