ఆరని పొయ్యి

కిల్‌మోరన్ ఊరివాళ్లకి అప్పులిచ్చే క్రెడిట్ యూనియన్ మేనేజరు ఫింటన్ తడిసిన టోపీ కూడా తీయకుండా ప్రైవేట్ డిటెక్టివ్ డెర్వ్లా గదిలోకి దూసుకొచ్చాడు.

"హొనోరా పెద్దమ్మ ఇంట్లో దొంగలు పడ్డారండీ! ఇల్లు వెచ్చబెట్టే హీట్ పంపు ఉంది చూశారూ, దాని కంట్రోల్ బాక్సు పోయింది. ఇలాంటి పంపులు పెట్టించుకోడానికిచ్చే మా గ్రీన్ లోన్‌తో కొన్నది. మొన్న ఊరంతా అంత్యక్రియలకి వెళ్లినప్పుడు ఎత్తుకుపోయారు."

"ఎవరి మీద అనుమానం?"

"ఆ పంపులు బిగించే మా ఫిట్టర్ ఎడ్సన్ మీద. బ్రెజిల్ వాడు కదా, అందరికీ తేలిగ్గా దొరికాడు. ఇవాళ సాయంత్రం మా కమిటీ అతన్ని పనిలోంచి తీసేస్తుంది, లోన్లూ ఆపేస్తుంది."

"అంత్యక్రియలకి రానిదెవరు?"

"ఇద్దరే. ఎడ్సన్ వేరే ఇంట్లో ఒంటరిగా పనిచేస్తున్నాడు. మా కమిటీలో ఉన్న మాలకీకి, అదే, పొయ్యిలో కాల్చే పీట్ మట్టిపెళ్లలు అమ్ముతాడు చూశారూ, అతనికి నడుం పట్టేసింది."

"పాపం," అంది డెర్వ్లా. ఆ పాపం ఎవరి మీదో ఆమె సహాయకుడు కోల్మన్‌కి తెలియలేదు. అర్థం కాకపోయినా మెచ్చుకోవడం అతనికి అలవాటే.

హొనోరా తన ఇంటికొచ్చిన డెర్వ్లానీ, కోల్మన్‌నీ పొయ్యి పక్కన కూర్చోబెట్టి టీ పోసింది.

"పొద్దున వెళ్లి చీకటి పడుతుంటే వచ్చానమ్మా. ఇక్కడ తలుపులకి తాళాలెవరు వేస్తారు? దేవుడి దయ, పొయ్యయినా ఆరలేదు. రాగానే చలి కాచుకున్నా."

"వెళ్లేముందు బాగా ఎగదోశారా?"

"ఎక్కడ! ఆలస్యమైందని ఒక్క పీట్ పెళ్ల పడేసి పరిగెత్తాను."

డెర్వ్లా తర్వాత ఎడ్సన్‌ని ఒకే ప్రశ్న అడిగింది: "మీ ఇంట్లో ఏం కాలుస్తారు?"

"కరెంటు హీటరు మేడమ్. మట్టిపెళ్లలు మండుతాయంటే మొదట్లో నన్ను ఆటపట్టిస్తున్నారనుకున్నా."

సాయంత్రం క్రెడిట్ యూనియన్ వెనకగదిలో అందరూ చేరారు.

"ఒక్క పెళ్ల మధ్యాహ్నానికే బూడిదవుతుంది," అంది డెర్వ్లా. "పొయ్యి సాయంత్రం దాకా మండుతూనే ఉందంటే, వచ్చినవాడు ఇంకొన్ని వేశాడు. ఈ ఊళ్లో ఎవరింటికెళ్లినా ఆరిపోయే పొయ్యిని చూసి ఊరుకోం. చెయ్యి దానంతటదే పోతుంది. ఎడ్సన్‌కి ఆ అలవాటు లేదు. మిగిలింది ఒక్కరే."

మాలకీ నడుం నొప్పి మరిచిపోయి లేచి నిలబడ్డాడు.

"ఇంటింటికీ ఆ పంపులొస్తే నా పీట్ ఎవడు కొంటాడు? లోన్లు ఆగితే చాలనుకున్నా. బాక్సు నా కొట్లోనే ఉంది."

"దొంగతనానికొచ్చి పొయ్యెందుకు ఎగదోశావురా?" అంది హొనోరా.

"చలిలో వస్తావు కదక్కా."

హొనోరా కళ్లు తుడుచుకుంది. కోల్మన్‌కి సైతం దొంగ మీద జాలి పుట్టింది.

ఎడ్సన్ మాత్రం కరగలేదు. "నా పని పోతే మా పిల్లలూ చలిలోనే పడేవాళ్లు. వాళ్లు గుర్తురాలేదా?"

డెర్వ్లా కోటు తొడుక్కుని, గార్డా పోలీసులకి ఫోన్ చేయమని మేనేజరుతో చెప్పింది.