తడి గోడ విన్నది

గోడ దగ్గింది. హాల్లో ఉన్నవాళ్ళంతా ఒక్క అడుగు వెనక్కి వేశారు. డాక్టర్ హైమ మాత్రం కదలకుండా స్పీకర్ సౌండ్ కాస్త తగ్గించి, దగ్గింది గోడ కాదని, ఆరు నెలల కిందట ఇదే హాల్లో కూర్చున్న ఎవరో దగ్గారని చెప్పింది. ఆ ఎవరో ఇప్పుడు లేరు. ఈ తేజోమయ ధామం ఆశ్రమంలో ఆ ఉదయం తలుపు వేసుకున్నవాళ్ళలో ఒక్కరూ బతకలేదు.

హైమ తయారుచేసిన యంత్రానికి పేరు పెద్దదే ఉంది గానీ జనం దాన్ని గోడచెవి అంటున్నారు. అందులో మంత్రమేమీ లేదు. కొత్తగా పూసిన సిమెంటు గట్టిపడేటప్పుడు లోపల కంటికి ఆనని స్ఫటికాలు పుడతాయి. అప్పుడు దగ్గర్లో చప్పుడైతే ఆ అదురుకి అవి రవ్వంత పక్కకి ఒరిగి, అలాగే బిగుసుకుపోతాయి. గోడచెవి లేజర్‌తో పొరలు పొరలుగా గీకుతూ ఆ ఒరుగుల్ని చదువుతుంది, కంప్యూటర్ వాటిని తిరిగి శబ్దంగా మారుస్తుంది. ఆరిపోయిన గోడ ఇక ఏమీ వినదు. తెల్లారేసరికి ప్రళయం వస్తుందన్న స్వామి మాట నమ్మి, ఆ వెలుగు లోపలికి రాకూడదని ధామం వాళ్ళు ముందురోజు సాయంత్రం కిటికీలన్నీ ఇటుకలతో మూసి సిమెంటు పూశారు. అందుకే ఆ ఆఖరి రాత్రీ, ఆ ఉదయమూ గోడలో మిగిలాయి.

ఆ ప్రళయాన్ని మనం ఎంత వేడుకగా చూశామో వేరే చెప్పక్కర్లేదు. కనుపాప న్యూస్ తెర మూలన గడియారం పెట్టి కౌంట్‌డౌన్ నడిపింది. తూనీగ డ్రోన్లు ధామం మీద గిరికీలు కొట్టాయి. గేటు ముందు యూట్యూబర్లు టెంట్లు వేసుకున్నారు. తునిలో ఆటోలకి వైరింగ్ పని చేసే వీర్రాజు, ఎవరైనా గుర్తుపట్టి లోపలున్న తన కూతురు కుందనకి నచ్చజెబుతారన్న ఆశతో, ఆమె డిగ్రీ పట్టా పుచ్చుకుంటున్న ఫోటో కనుపాప రిపోర్టరు చేతిలో పెట్టాడు. సాయంత్రానికల్లా ఆ ఫోటోకి కాళ్ళూ చేతులూ మొలిచి ఇంటర్నెట్‌లో డాన్సు మొదలైంది. ప్రళయం పాప అని పేరు పెట్టి పాట కూడా కట్టారు. ఆ వారం దాన్ని ఫార్వర్డ్ చెయ్యని ఫోనంటే రిపేరులో ఉన్న ఫోనే. తలుచుకుంటే సిగ్గేస్తుంది గానీ, అప్పుడు మాత్రం నవ్వొచ్చింది.

ఇప్పుడు గోడ చదవడాన్ని కూడా కనుపాపే లైవ్ ఇస్తోంది. అనుమతులు తెచ్చిందీ, సామాను మోయించిందీ వాళ్ళే కాబట్టి హైమ కాదనలేకపోయింది. వీర్రాజుని పిలిపించి ముందు వరుసలో కుర్చీ వేసిందీ వాళ్ళే. యాంకర్ శశాంక్, చచ్చిపొమ్మని స్వామి ఇచ్చిన ఆజ్ఞ ఎప్పుడు వినబడుతుందా అని మైకు పట్టుకుని కాచుకున్నాడు. వీర్రాజుకి స్వామి గొడవ అక్కర్లేదు.

"మా అమ్మాయి బయటికి రావాలనుకుందో లేదో, అదొక్కటీ తెలిస్తే చాలండి" అన్నాడు హైమతో.

"గోడలో ఏముందో నాకూ తెలీదు వీర్రాజు గారూ. కావాలంటే ముందు నేనొక్కదాన్నే వింటాను."

ఆయన వద్దన్నాడు. ఆమె లేజర్ నడిపింది.

దగ్గు తర్వాత భజన వినిపించింది, ఎవరో ఏడ్చారు, చాలాసేపు ఏమీ లేదు. ఆ తర్వాత స్వామి గొంతు వచ్చింది. తెల్లారిపోయిందనీ, ఏమీ జరగలేదనీ, తన లెక్క తప్పిందనీ అన్నాడు. తలుపు తీస్తాను, ఇళ్ళకి పొండి అన్నాడు. శశాంక్ ముఖం వాడిపోయింది.

గడియ తీసిన చప్పుడైంది. ఆ వెంటనే బయటి హోరు లోపలికొచ్చి పడింది. ఈలలు, డ్రోన్ల రొద, ప్రళయం పాప పాట, వాటన్నిటి మీదుగా మైకులో శశాంక్ గొంతే: "ప్రళయం ఫెయిలైన వీరులు వస్తున్నారు, చూద్దాం రండి." చెప్పుల చప్పుడు గుమ్మం దాకా వచ్చి ఆగిపోయింది.

"మూసెయ్యండి స్వామీ" అంది ఓ ఆడపిల్ల. "ఈ మొహం పెట్టుకుని ఎలా వెళ్ళను? మా నాన్న టీవీ ముందే కూర్చుని ఉంటాడు."

గడియ పడింది. ఆ తలుపు ఒకసారి తెరుచుకుని మూసుకోవడం ఆ రోజు మనమూ చూశాం. భయపడి దాక్కున్నారని నవ్వుకున్నాం.

ఆ తర్వాతిది ఎవరూ వినక్కర్లేదని హైమ యంత్రం ఆపేసింది. వీర్రాజు ఆ ఉదయం నిజంగానే టీవీ ముందు కూర్చున్నాడు. జనాన్ని దాటి గేటు దాకా వెళ్ళలేక ఇంటికి తిరిగొచ్చి, కూతురు ఏ క్షణాన బయటికొస్తుందోనని మంచినీళ్ళకి కూడా లేవలేదు. హైమకి ఆయన వైపు చూసే ముఖం లేకపోయింది. ఏదో ఒక పని చెయ్యాలి కాబట్టి, గీకిన చోట పూడ్చడానికి కాస్త సిమెంటు కలిపి గోడకి పూసింది.

"ఇది వింటాదాండి?" అనడిగాడు వీర్రాజు.

"ఆరేదాకా వింటుంది."

ఆయన లేచి ఆ తడి దగ్గర నోరు పెట్టాడు. "కుందనా, నేను చూసింది నవ్వడానిక్కాదమ్మా. నువ్వొస్తే కనబడతావని."

కెమెరామన్ కళ్ళు తుడుచుకుని కెమెరా దించేశాడు. శశాంక్ అతని పక్కకి చేరాడు.

"దించకు. ఆయన ముఖం దగ్గరగా తియ్యి" అన్నాడు.

చెవిలోనే అన్నాడు గానీ, గోడ ఇంకా తడిగానే ఉంది.