కోలుకున్న ఎలుకలు

సైలెన్సర్ బిగించిన పిస్టల్ రెండుసార్లు దగ్గింది. డాక్టర్ రమణమూర్తి లేబొరేటరీలో ఎలుకల గూళ్ల మధ్య బోర్లా పడ్డాడు. హంతకులు ఒకే ఒక్క పంజరం పట్టుకుపోయారు.

మర్నాడు పొద్దున్నే చీఫ్ నీలకంఠం విశాఖ పోర్టు గోడౌన్ వెనక గదిలో ఏజెంట్ అర్జునరావును కూర్చోబెట్టాడు.

"విదేశీ ముఠా చేతిలో ఒక బ్యాక్టీరియా ఉంది. స్టీల్‌ప్లాంటు కడుతున్నవాళ్లు తాగే నీళ్లలో కలిపితే ఊరికి ఊరే పాడెక్కుతుంది. విరుగుడు, డాక్టర్ని చంపి వాళ్లు ఎత్తుకుపోయిన ఎలుకల్లో ఉంది."

"ఎలుకల్లోనా సార్?"

"డాక్టర్ వాటికి అదే బ్యాక్టీరియా కాస్త ఎక్కించాడు. జబ్బుపడి లేచాయి. వాటి ఒంట్లో టీ సెల్స్ అనే రక్తకణాలు శత్రువు ఆనవాలు పట్టేశాయి. తర్వాత చచ్చేంత డోసు ఇచ్చినా చావలేదు. చచ్చిన బ్యాక్టీరియా ఎక్కించిన ఎలుకలు మాత్రం అదే డోసుకి టపటపా రాలాయి. అంచేత ఈ కోలుకున్నవే కావాలి. అదీ ప్రాణాలతో."

"ఎక్కడున్నాయి?"

"డాక్టర్ అసిస్టెంట్ తాయారు దగ్గర. ముఠా మనిషి. మనకీ కబుర్లు పంపుతుంది. పంజరం తెస్తానంది. రోడ్లన్నీ ముఠా కాపలా. అందుకని ఫిషింగ్ హార్బర్‌లో దాలయ్య నావ ఎక్కించు. దాలయ్య మనవాడే, ఆ నావని పోలీసులు ఆపరు. డాల్ఫిన్ నోస్ కొండ అవతల నేవీ లాంచీ ఉంటుంది. తోడుగా మన వీర్రాజు వస్తాడు. జాలరిపేటలో పుట్టినవాడు. నువ్వు అతన్ని ఎప్పుడూ చూడలేదుగా, కోడ్ గుర్తుంచుకో."

హార్బర్‌లో అర్జునరావు లుంగీ ఎగ్గట్టి దాలయ్య నావలో వల సర్దుతూ కూర్చున్నాడు. నెత్తిన చేపలబుట్టతో తాయారు వచ్చింది. చేపలమ్మే వేషంలోనూ సెంటు గుప్పుమంటోంది. బుట్ట అడుగున పంజరం కిచకిచమంది.

వెనకాలే భుజాన తెడ్డుతో ఒకడు.

"వంజరం చేప దొరికిందేటి బావా?" అన్నాడు అర్జునరావు.

"తలకాయే మిగిలింది బావా," అంటూ వాడు చెంగున నావలోకి దూకాడు.

కోడ్ సరిపోయింది. యాసా సరిపోయింది. చుక్కాని దగ్గరున్న దాలయ్య మాత్రం మండిపడ్డాడు.

"ఓర్నీ! జోళ్లతోటి నావెక్కేత్తావేటిరా? గంగమ్మ తల్లి నెత్తిన కాలెట్టినట్టు కాదేటి?"

"తొందర్లో మర్సిపోనాను మావా," వాడు నవ్వాడు.

అర్జునరావు నవ్వలేదు. అతనూ జాలరి కొడుకే. జాలరిపేటలో పుట్టినవాడు కన్నతల్లి పేరైనా మరుస్తాడు గానీ జోళ్లు ఒడ్డున విడవడం మరవడు. అంటే వీర్రాజు చచ్చాడు. చంపేముందు కోడ్ కక్కించారు.

నావ హార్బర్ దాటింది.

"వీర్రాజుని ఎక్కడ పాతేశారు?" తీరుబడిగా అడిగాడు అర్జునరావు.

వాడి చెయ్యి మొలలోకి పోయింది. కత్తి అర్జునరావు తొడలో దిగింది. అదే క్షణాన అర్జునరావు అందుకున్న తెడ్డు వాడి కణత మీద పడింది. రెండో దెబ్బకి దవడ ఊడింది. వల తాడు మెడకి చుట్టి, కాళ్లు కొట్టుకోవడం ఆగేదాకా బిగించి, శవాన్ని సముద్రంలోకి దొర్లించాడు.

తాయారు చప్పట్లు కొట్టింది.

"శభాష్! పోలీసులు ఆపని నావ మాకూ కావాలి కదా! ఇక దీన్ని ఆ తెల్ల ఓడ వైపు తిప్పించు, మావాళ్లు అందులో ఉన్నారు."

ఆమె కుడిచేతిలో సిగరెట్ లైటర్. దానికి తుపాకీ గొట్టం. ఎడమచేత్తో పంజరాన్ని నీళ్ల మీదికి చాచింది.

"వీర్రాజుని పట్టించింది నువ్వేనా?"

"ఇద్దరికీ పనిచేసేదాన్ని. ఎవరో ఒకరికి అన్యాయం చెయ్యక తప్పదు కదా!"

"అలాగేనమ్మా, తిప్పుతన్నాను," అంటూ దాలయ్య చుక్కాని ఒక్క గుంజు గుంజి నావని కెరటానికి అడ్డం పెట్టాడు.

నావ పక్కకి ఒరిగిపోయింది. లైటర్ పేలింది. గుండు అర్జునరావు భుజంలోంచి దూసుకుపోయింది. తాయారు వెనక్కి తూలింది. నావ అంచుకి తల పగిలి నీళ్లలోకి జారిపోయింది. నీళ్లు ఎర్రబడ్డాయి. పంజరం బుడగలు వదులుతూ మునుగుతోంది. అర్జునరావు నడుందాకా వంగి, దాని కొక్కేన్ని ఒక్క వేలితో అందుకుని పైకి లాగాడు.

నేవీ లాంచీ ఎక్కాక వైర్‌లెస్‌లో నీలకంఠం గొంతు.

"ప్రాణనష్టం ఏమైనా ఉందా?"

అర్జునరావు నెత్తురోడుతున్న భుజాన్ని అదిమిపట్టుకుని పంజరంలోకి తొంగిచూశాడు. ఎలుకలు తడిసిన మీసాలు దువ్వుకుంటున్నాయి.

"మనుషులకే సార్. ఎలుకలు కులాసా!"