ముడి ముందే వేసే టైలరమ్మ

పొద్దున్నే కుట్టుమిషన్ ముందు కూర్చుంది అత్తగారు. వీధిలో అందరికీ ఆవిడ టైలరమ్మ. పసిపిల్లల చొక్కాలు కుట్టడంలో అందె వేసిన చెయ్యి. కాకపోతే ఒకటే మంకుపట్టు: నాడాలు ముందువైపే పెడుతుంది, వీపు మీద చిన్న కుట్టు కూడా పడనివ్వదు. అందరూ వెనకే పెడతారు కదా అని ఎవరైనా అంటే, అయితే వాళ్ల దగ్గరే కుట్టించుకోమని బట్ట తిరిగిచ్చేస్తుంది.

ఆవేళ సూదిలోకి దారం ఎక్కలేదు. ఐదోనెల కడుపుతో ఉన్న కోడలు, ఆసుపత్రి నుంచి ఫోన్ రాలేదా అని రెండోసారి అడిగింది మరి. నిజానికి ఆ ఫోన్ వచ్చి నాలుగు రోజులైంది. రక్తపరీక్షలో ఒక అంకె ఎక్కువుందనీ, అంతమాత్రాన లోపం ఉన్నట్టు కాదనీ, బిడ్డ వెన్నెముకని వివరంగా చూసే స్కాన్‌కి రమ్మనీ చెప్పారు. ఫోన్ ఎత్తింది అత్తగారే. వెన్నెముక అనగానే, విన్నమాట ఎవరికీ చెప్పకుండా మింగేసింది.

పదింటికి ఆసుపత్రి వాళ్లు మళ్ళీ ఫోన్ చేశారు. ఈసారి కోడలే ఎత్తింది.

"నాలుగు రోజులు దాచారా అత్తయ్యా? నా బిడ్డ సంగతి నాకే చెప్పకుండా?"

అత్తగారు తలెత్తలేదు. "మీ ఆయనకంటే ముందు నాకో ఆడపిల్ల పుట్టింది," అంది.

ఆ పిల్లకి నడుము దగ్గర వెన్నెముక మూసుకోలేదు. వీపు మీద నీటిబుడగలాంటి వాపు. కడుపులో ఉండగా కనిపెట్టే పరీక్షలేవీ అప్పుడు ఆవిడకి అందలేదు. బతికిన పదకొండు రోజులూ బోర్లానే పడుకోబెట్టారు. చంటిదాన్ని ఒక్కసారైనా ఒళ్లో వేసుకుని జోకొట్టలేదు. ముప్పై ఏళ్లయినా ఆ కోరిక చావలేదు.

"నీకు తెలియకపోతే నీ బిడ్డకి అలా ఉండదేమో అనుకున్నాను. నా బుద్ధి గడ్డితింది."

కోడలు ఏడుస్తూనే చెప్పులు తొడుక్కుంది. "పదండి, చూపించుకుందాం."

స్కాన్ గదికి కొడుకు పని మధ్యలోంచి వచ్చాడు. ఇంట్లో ఎవరికైనా ఇలా ఉందా అని డాక్టరమ్మ అడిగితే, "నా కూతురికి," అంది అత్తగారు. తనకో అక్క ఉండేదని కొడుక్కి అప్పుడే తెలిసింది. తల్లి చెయ్యి పట్టుకున్నాడు.

తెర మీద వెన్నుపూసలు వరసగా కనిపించి, నడుము దగ్గర విడిపోయాయి. వెన్నెముక మూసుకోని ఈ లోపాన్ని స్పైనా బిఫిడా అంటారంది డాక్టరమ్మ. ఏం చెయ్యాలో తొందరపడకుండా ఆలోచించుకోమంది. కనాలనుకుంటే సర్జన్ ఉన్న పెద్దాసుపత్రిలోనే కనాలనీ, పుట్టగానే వీపు మూస్తారనీ, కాళ్ల బలం సంగతి ఇప్పుడే చెప్పలేననీ అంది.

వారం రోజులు మొగుడూ పెళ్ళాలు మాట్లాడుకున్నారు. ఎనిమిదోనాడు కోడలు మెత్తటి బట్టముక్క తెచ్చి మిషన్ మీద పెట్టింది.

"దీనికీ ముడి ముందే వెయ్యండి అత్తయ్యా. వీపుకి తగలకుండా ఒళ్లో ఎలా వేసుకోవాలో నర్సమ్మ నేర్పుతుందట. మీరూ రండి." బట్ట మడత విప్పుతూ అడిగింది. "మీ పాపని ఏమని పిలిచేవారు?"

ఇన్నేళ్లలో ఆ మాట అడిగినవాళ్లు లేరు.

"పిట్ట," అంది అత్తగారు, బట్టలో మొహం దాచుకుని.