ఒక అడుగు తక్కువ

ఆ ఇంట్లో పొద్దున్న ఏడయ్యేసరికి రెండు చప్పుళ్ళు మొదలవుతాయి. పైన కుట్టు మిషను, కింద టేపు మాస్టారి సణుగుడు. ఏది ముందు మొదలవుతుందో ఎవరూ చెప్పలేరు గానీ, మాస్టారి భార్య టీ గ్లాసులు బల్ల మీద పెట్టగానే రెండూ ఆగుతాయి.

టేపు మాస్టారంటే బడిపంతులు కాదు. టౌన్ ప్లానింగ్ ఆఫీసులో ముప్ఫై ఆరేళ్ళు సర్వేయరుగా పనిచేసి రిటైరైన మనిషి. ఊళ్ళో సగం వీధులు ఎంత వెడల్పో ఆయన చెప్తేనే ఆఫీసుకి తెలిసింది. ఎవరైనా గుమ్మంలోకి వస్తే ముందు వాళ్ళ ఎత్తు ఎంతుంటుందో అంచనా వేసుకుంటాడు, పలకరింపు ఆ తర్వాత. రిటైరైన రోజు ఆఫీసువాళ్ళిచ్చిన జ్ఞాపిక ముందు గదిలో గోడకి వేలాడుతోంది. దాని మీద "తప్పు లేని కొలత" అని బంగారు అక్షరాలతో రాసి ఉంటుంది. ఆ జ్ఞాపిక కూడా వంకర లేకుండా, కొలిచి మేకు కొట్టినదే.

పైన మిషను కుట్టేది ఆయన మరదలు, భార్యకి సొంత చెల్లెలు. ఆ ఇంటి కూతురికి పిన్ని కాబట్టి వీధిలో అందరికీ పిన్నే. భర్త పోయాక రెండు రోజులుండి వెళ్దామని మిషను పట్టుకుని వచ్చింది. వచ్చి ఇరవై రెండేళ్ళయింది. పై రెండు గదుల్లో ఉంటుంది, తన వంట తనే వండుకుంటుంది. ఆ వీధిలో పిన్ని కుట్టిన జాకెట్టు వేసుకోని ఆడమనిషి లేదు.

ఆ రోజు పదకొండు గంటల టీలు ఇంకా సగమైనా కాలేదు, పోస్టులో రెండు కవర్లొచ్చాయి.

మొదటిది కూతురు పెట్టిన దరఖాస్తుకి జవాబు. ముప్ఫై అడుగుల వీధిలోనైతే ఒక స్థలంలో రెండు వాటాలు, అంతకన్నా ఇరుకైతే ఒకే ఇల్లు అన్న పాత నిబంధన మార్చి, ముప్ఫై అడుగుల వెడల్పున్న వీధుల్లో నాలుగు చిన్న వాటాల దాకా వేసుకోవచ్చని ఆఫీసు కొత్తగా ప్రకటించింది. ఆ మాట చెవిన పడగానే కూతురు ప్లాను గీసి పంపింది. ఒక వాటా అమ్మానాన్నలకి, ఒకటి పిన్నికి, ఒకటి తనకి, ఒకటి అద్దెకి. "మీ వీధి వెడల్పు ఇరవై తొమ్మిది అడుగులు. అనుమతి లేదు" అని ఒక్క ముక్కలో తేల్చేశారు.

రెండోది నోటీసు. ఒకే ఇంటికి అనుమతున్న చోట రెండో వంటగది ఉన్నట్టు మీ ప్లానులోనే కనబడుతోంది, నెల రోజుల్లో తీసెయ్యాలి, పై గదుల్లో వేరే కాపురం ఉండకూడదు, అని.

"చూశారా! ఆ పొయ్యి ప్లానులో గీయొద్దని నేనంటే మీరే కదా గీయించారు!" మాస్టారి భార్య తల పట్టుకుంది.

"ఉన్నది ఉన్నట్టు గీయాలోయ్. దొంగ ప్లాను నా ఇంట్లోంచి వెళ్ళదు."

"అవునండీ, దొంగ ప్లాను వెళ్ళలేదు. ఇప్పుడు మా చెల్లెలు వెళ్తుంది."

సాయంత్రానికి కూతురు వచ్చింది. భవనాలు కట్టేచోట సైట్ సూపర్వైజరు. చేతి సంచిలో దువ్వెన లేకపోయినా స్టీలు టేపు ఉంటుంది. ఆ విషయంలో మాత్రం అచ్చు తండ్రి పోలికే. కవర్లు చదివి, నేరుగా వీధిలోకి వెళ్ళింది. ఒక చివర తల్లి చేతికిచ్చి, ఎదురింటి గోడ దాకా టేపు లాగింది. వీధి ఆ చివరా, ఈ చివరా, మధ్యలో రెండు చోట్లా కొలిచింది.

"నాన్నా, ముప్ఫై అడుగుల మీద రెండంగుళాలుంది."

మాస్టారు పేపర్లోంచి తల ఎత్తలేదు. "నేను కొలిచాను. ఇరవై తొమ్మిది."

"ఎప్పుడు?"

"ముప్ఫై రెండేళ్ళ కిందట. తర్వాత వీళ్ళెవరో గోడలు జరుపుకుని ఉంటారు."

"ఇటు పద్నాలుగు ఇళ్ళు, అటు పద్నాలుగు ఇళ్ళు. అన్ని గోడలూ కూడబలుక్కుని వెనక్కి జరిగాయా నాన్నా?"

పైన మిషను ఆగింది. మాస్టారి చెవులు ఎర్రబడ్డాయి.

"అమ్మ ఫోన్ చేసి చెప్పగానే ఆఫీసుకి వెళ్ళి అడిగాను," కూతురు గొంతు తగ్గించింది. "మ్యాపులో అంకె మారాలంటే కొత్త సర్వే పెట్టాలంట. దానికి వరుసలో రెండేళ్ళు ఆగాలి. లేదా అప్పుడు కొలిచినాయన పుస్తకంలో తప్పు చూపిస్తే చాలంట, వచ్చే వారం కొత్త నిబంధన మీద మన వీధివాళ్ళకి పెట్టే విచారణలోనే సరిచేస్తారు. నీ పుస్తకాలన్నీ ట్రంకు పెట్టెలో ఉన్నాయిగా. ఒక్కసారి తీసి చూడు."

"నా పుస్తకంలో తప్పులు వెతకమంటావా? నన్నే?"

"పిన్ని కోసం!"

"రూలంటే రూలే. నా మరదలని ఒకలాగా, ఊళ్ళో వాళ్ళకి ఒకలాగా ఉండదు. నా కూతురికే ఇవ్వలేదు, గుర్తుందా?"

ఆ మాట అనకుండా ఉండాల్సింది. కూతురి ముఖం పాలిపోయింది.

"గుర్తుంది నాన్నా. నా పెళ్ళయిన కొత్తలో వెనక ఖాళీలో రెండు గదులు వేసుకుంటానంటే, వీధి ముప్ఫై అడుగులు లేదు, రూలు ఒప్పుకోదన్నావు. సరేనని ఊరి చివరికి పోయాం. బస్సులో పోను రెండు గంటలు, రాను రెండు గంటలు. నా కూతురు నిద్రలేవకముందే బయల్దేరతాను, అది పడుకున్నాక ఇల్లు చేరతాను. దానికి నేను ఆదివారం అమ్మని. ఎనిమిదేళ్ళయింది. ఆ ఒక్క అడుగు లేదనే నువ్వు నన్ను పంపించావు. ఆ అడుగు నిజంగా లేకపోతే ఏడ్చి ఊరుకుంటాను. కానీ ఉంది నాన్నా! నా చేత్తో కొలిచాను."

మెట్ల మీద చప్పుడైంది. పిన్ని మిషను మీది గుడ్డ మడత పెట్టుకుంటూ దిగింది.

"ఆపండి తల్లీ. నా పొయ్యి కోసం తండ్రీకూతుళ్ళు కొట్టుకోవడమేంటి? ఊరి చివర ఒక గది చూసుకుంటాను. ఒకటో తారీఖుకి వెళ్ళిపోతాను."

"ఎక్కడికే పోతావు? కింద నా వంటింట్లో వండుకో, అదీ నీదేగా," అంది అక్క.

"ఒక వంటింట్లో మనిద్దరమా! మూడో రోజుకి నువ్వు అక్కవీ కావు, నేను చెల్లినీ కాను." పిన్ని నవ్వబోయింది గానీ నవ్వు రాలేదు. "బావగారు తల వంచాల్సి వచ్చేలా అయితే ఈ ఇంట్లో నేను ఉండను. ఇరవై రెండేళ్ళు తల ఎత్తుకుని బతికానంటే ఆయన చలవే."

మాస్టారు పేపరు మళ్ళీ ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. ఏమన్నా అని ఉంటే బాగుండేది.

మర్నాడు పొద్దున్న ఏడయింది. పైన మిషను చప్పుడు లేదు. అలవాటు కొద్దీ సణగబోయిన మాస్టారు మొదటి మాట దగ్గరే ఆగి పైకప్పు వైపు చూశాడు. టీ చల్లారిపోయింది. ఎనిమిదికల్లా ఆయన లేచి వెళ్ళి మంచం కింది ట్రంకు పెట్టె లాగాడు. నిజం చెప్పాలంటే ఆయన తన తప్పు వెతకడానికి తియ్యలేదు, కూతురి నోరు మూయించడానికి తీశాడు.

పుస్తకాలు ఏళ్ళ వరసలో ఉన్నాయి. ముప్ఫై రెండేళ్ళ నాటిది అడుగున దొరికింది. పేజీకి రెండు అంకెల వరుసలు. ఒకటి చదివింది, రెండోది రాసింది. చూస్తూనే ఆయనకి ఆ రోజులు గుర్తొచ్చాయి. అప్పట్లో ఆఫీసు టేపుకి మొదటి అడుగు తెగిపోయి ఉండేది. కొత్తది ఇమ్మని అర్జీ పెడితే మూడేళ్ళు నానబెట్టారు. ఆ మూడేళ్ళూ ఒకటి అంకె దగ్గర పట్టుకుని కొలవడం, వచ్చినదాంట్లోంచి ఒక అడుగు తీసేసి రాయడం. ఇరవై ఒకటొస్తే ఇరవై. నలభై ఒకటొస్తే నలభై. నిద్రలో లేపి అడిగినా ఒకటి తీసేసి చెప్పేవాడు.

తన వీధి పేజీ తిప్పాడు. పైన తన గుండ్రటి అక్షరాలు: "ఈ ఉదయం కొత్త టేపు అందింది. పాతది స్టోరుకి అప్పగించాను."

కింద: చదివింది ముప్ఫై. రాసింది ఇరవై తొమ్మిది.

మళ్ళీ చదివాడు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చదివాడు. కొత్త టేపు చేతికి రాగానే, సొంత వీధి కదా, ముందు ఇక్కడే వాడాలని ముచ్చటపడి పరుగున వచ్చాడు. నిండు టేపుతో నిండుగా కొలిచాడు. రాసేటప్పుడు మాత్రం చెయ్యి మూడేళ్ళ అలవాటు మానలేదు. మర్నాటి పేజీ నుంచి రెండో వరుస లేదు. తప్పిందల్లా ఆ ఒక్క రోజే, ఆ ఒక్క వీధే.

వంటింట్లోంచి వచ్చిన భార్యకి ఆయన నేల మీద కూలబడి కనిపించాడు.

"ఏమండీ! ఏమైంది?"

"అమ్మాయిని బస్సెక్కించింది రూలు కాదోయ్," అన్నాడు. "నేనే."

ఆమె పక్కనే కూర్చుని పుస్తకం చూసింది. ఆమెకి అంకెలు అర్థం కాలేదు గానీ మొగుడి ముఖం అర్థమైంది. నెమ్మదిగా అంది: "ఈ పేజీ మనిద్దరమే చూశాం. ఇది బయటపెడితే గోడ మీది ఆ జ్ఞాపిక ఏమవుతుందో ఆలోచించుకున్నారా?"

"ఆలోచించాను. మేకు గట్టిదే. ఇంకేదైనా తగిలిద్దాం."

విచారణ రోజు హాలు నిండింది. వీధి జనమంతా వచ్చారు, ఎక్కువమంది వద్దనడానికే. ముందుగా మూలింటాయన లేచాడు. వీధి సంఘానికి పెద్ద తానేనని తనకి తనే చెప్పుకునే మనిషి. "ఒక్కో స్థలంలో నాలుగేసి కాపురాలైతే వీధి సంత అయిపోతుందండీ! బళ్ళు ఎక్కడ పెట్టాలి? అయినా వీధే ఇరవై తొమ్మిది అడుగులైతే ఇంక మాటలెందుకు? కొలిచినాయన ఇక్కడే ఉన్నారు, అడగండి! మా టేపు మాస్టారి కొలత తప్పదు!"

అందరూ ఇటు తిరిగారు. కూతురు తలదించుకుంది. తండ్రి వచ్చాడని తెలుసు గానీ ఎందుకొచ్చాడో ఆమెకి తెలియదు.

మాస్టారు లేచి నిలబడ్డాడు.

"తప్పిందండీ," అన్నాడు.

కూర్చోబోతున్న మూలింటాయన మళ్ళీ లేచాడు.

"ఈ వీధి ముప్ఫై అడుగులు. ఇరవై తొమ్మిదని రాసింది నేను. ఇదిగో పుస్తకం, ఇదిగో నా చేతిరాత." తెగిన టేపు సంగతి, కొత్త టేపు సంగతి పూసగుచ్చినట్టు చెప్పాడు. పుస్తకం విచారణ నడిపే అధ్యక్షురాలి ముందు పెట్టి జనం వైపు తిరిగాడు. "నేను తీసేసింది కాగితం మీద ఒక అడుగే. దాంతో ఈ వీధిలోంచి ఎందరు పిల్లలు వెళ్ళిపోయారో లెక్క రాసుకోలేదు. ఒకరు మాత్రం నాకు తెలుసు. అదిగో, అక్కడ కూర్చుంది. దాని దగ్గర పోయిన ఎనిమిదేళ్ళు నేను తిరిగి రాయలేను. ఈ అంకె ఒక్కటైనా మార్చనివ్వండి."

కూతురు రెండు చేతులతో ముఖం కప్పుకుని ఏడ్చింది. పిన్ని ఆమె భుజం చుట్టూ చెయ్యి వేసి తనూ ఏడ్చింది.

అధ్యక్షురాలు ఆ పేజీని, మర్నాటి పేజీని పక్కపక్కన పెట్టి చూసింది. పెదవుల మీద చిన్న నవ్వు మెరిసింది. "ఎలాగూ ఎండ తగ్గింది. వెళ్ళి కొలిచేద్దాం పదండి," అంది.

ఆఫీసు ఇంజనీరు ముందు, అధికారులు వెనక, వీధి జనమంతా వాళ్ళ వెనక. ఎవరింటి గోడ దగ్గర వాళ్ళు నిలబడ్డారు, తమ గోడేమైనా కదులుతుందేమోనన్నట్టు. టేపు సున్నా కొస మాస్టారు వంగి పట్టుకున్నాడు. రెండో కొస కూతురు ఎదురు గోడకి ఆనించింది. ఇంజనీరు వంగి చదివాడు.

"ముప్ఫై అడుగుల రెండంగుళాలు!"

"మొత్తం రాయండి సార్," అని అరిచాడు మాస్టారు. "అంగుళాలతో సహా!"

ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు. అది మొదలుపెట్టింది మాస్టారి భార్య అని తర్వాత తెలిసింది. ఆ చప్పట్లు ఇంకా ఆగకముందే మూలింటాయన ఇంజనీరు చెయ్యి పట్టుకుని పక్కకి లాగాడు.

"అంటే... మా చిన్నమ్మాయి వాళ్ళు కూడా మా ఇంటి పైన వేరే పొయ్యి పెట్టుకోవచ్చంటారా?"

"నాలుగు దాకా పెట్టుకోవచ్చండీ."

"మరి సంతో?" అడిగింది పిన్ని, కళ్ళు తుడుచుకుంటూనే.

"పిల్లలుంటే సంతలా కాక ఇంకెలా ఉంటుందమ్మా!" అని కసిరి, ఫోన్ చెయ్యడానికి ఇంట్లోకి పరిగెత్తాడు. మర్నాడు పొద్దున్న ఆఫీసు తలుపు తీసేసరికి దరఖాస్తుతో ముందు నిలబడ్డది ఆయనే.

తండ్రీకూతుళ్ళు ఆ టేపుని రెండు వైపుల నుంచీ చుట్టుకుంటూ వచ్చి వీధి మధ్యలో కలిశారు.

"ప్లానులో మీ వాటాకి కిటికీ చిన్నదిగా పెట్టావు," అన్నాడు మాస్టారు. "పిల్ల చదువుకుంటుంది. పెద్దది పెట్టు."

ఆమె తండ్రి భుజం మీద తల వాల్చింది.

పదకొండు నెలలకి ఇల్లు సిద్ధమైంది. ఒకే గేటు, లోపల నాలుగు గుమ్మాలు, నాలుగు పొయ్యిలు. నాలుగో వాటాలోకి ఆసుపత్రి నర్సొకామె తన తల్లితో దిగింది. ఇప్పుడు పొద్దున్న ఏడుకి ఎన్ని చప్పుళ్ళని లెక్కపెట్టేది? పైన మిషను, పక్కన మనవరాలి గోల, వెనక బట్టలుతికే చప్పుడు. వాటన్నిటి మీదా మాస్టారి సణుగుడు పెద్దగా వినబడక ఆయనే మానేశాడు. ముందు గదిలో ఒకప్పుడు జ్ఞాపిక ఉన్న మేకుకి ఇప్పుడు అనుమతి వచ్చిన ప్లాను వేలాడుతోంది.

పండక్కి బావగారికి కొత్త చొక్కా కుడతానని పిన్ని పట్టుబట్టింది. తన వాటాలో, తన పొయ్యి మీద టీ మరుగుతుండగా ఆయన్ని నిలబెట్టి ఛాతీ చుట్టూ టేపు వేసింది.

"నలభై," అంది.

"ముప్ఫై తొమ్మిది రాసుకో," అన్నాడాయన, గుమ్మంలో ఉన్న మనవరాలి వైపు చూస్తూ, పరధ్యానంగా.

కూతురు ఫక్కున నవ్వింది. పిన్ని టేపు మొదటి కొస ఆయన కళ్ళ ముందు పెట్టింది. "చూసుకోండి బావగారూ. నా టేపు నిండుగానే ఉంది."

ఆయన ఆ కొస చూశాడు. గదిలో ఉన్న మనుషుల్ని చూశాడు. ఆదివారం కాకపోయినా తల్లి చీరకొంగు పట్టుకుని వేలాడుతున్న మనవరాలిని చూశాడు. కళ్ళు చెమర్చాయి, దాచుకోలేదు.

"నిండుగానే ఉంది," అన్నాడు. "ఉన్నది ఉన్నట్టే రాసుకో."